పిల్లుల రక్షణ చట్టం

ఒక పెద్ద అడవిలో, అంటే ఈ కొసన చేసిన చట్టం ఆ కొసకు చేరేలోగా రద్దయిపోయేంత పెద్ద అడవిలో, ఒక ఎండాకాలం తుమ్ముల జబ్బు పుట్టింది.

మొదట ఒక కోతి తుమ్మింది. కోతే కదా, ఏదో వేషం వేస్తోందనుకున్నారు. మర్నాడు ఆ కోతి కూర్చున్న కొమ్మ కిందనుంచి పోయిన జింకలన్నీ తుమ్మాయి. ముసలి జంతువులు కొన్ని తుమ్మీ తుమ్మీ ఇక లేవలేదు. అప్పటికిగానీ జబ్బు వచ్చిన సంగతి మృగరాజు గారికి అధికారికంగా తెలియలేదు.

"ఎవరి గుహలో వాళ్ళు, ఎవరి బొరియలో వాళ్ళు ఉండండి" అని సింహం గారు ఆజ్ఞ వేశారు. తప్పనిసరై బయటికొస్తే మూతికి ఆకు కట్టుకోవాలి. ఒకరికొకరు తోక దూరంలో నిలబడాలి.

ఆజ్ఞ బాగానే ఉంది. తోక ఎవరిదో మాత్రం రాయలేదు. నెమలి నీళ్ళకు వస్తే వాగు ఒడ్డంతా ఖాళీ చెయ్యాల్సి వచ్చేది. కుందేళ్ళు తమ తోకతో కొలుచుకుని ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడేవి, అదీ ఆజ్ఞ ప్రకారమే. జింకలు మూతికి కట్టుకున్న ఆకు మధ్యాహ్నానికల్లా మాయమయ్యేది. ఏదంటే, "ఆకలేసిందండీ" అనేవి.

వాగు పక్కనున్న కొంగ మాస్టారి బడి కూడా మూతపడింది. బొరియల్లో పిల్లలు, పిల్లల మీద పెద్దలు, పెద్దల మీద తుమ్ములు. ఊపిరాడటం లేదని తల్లులు మొరపెట్టుకుంటే సాలీడు ముందుకొచ్చింది. ఇంటింటికీ ఒక దారం లాగింది. దారం చివర మోదుగాకు దొప్ప కట్టింది. ఈ దొప్పలో మెల్లగా మాట్లాడితే కోరిన దొప్పలో, గట్టిగా అరిస్తే అన్ని దొప్పల్లోనూ వినబడుతుంది. దానికి జాలం అని పేరు పెట్టారు.

జాలంలో మొహం కనబడదు, గొంతు మాత్రమే వినబడుతుంది. అదే దాని సౌకర్యం, అదే దాని ప్రమాదం. ఆ రోజుల్లో సౌకర్యం సంగతి అందరికీ తెలుసు.

కొంగ మాస్టారు జాలంలో పాఠం చెప్పేటప్పుడు కూడా ఒంటికాలి మీదే నిలబడేవారు, ఎవరూ చూడకపోయినా. "వినబడుతోందా? ఒరేయ్, వినబడుతోందా?" అనడంలోనే సగం పాఠం అయిపోయేది. పందిపిల్లలు దొప్ప దగ్గర ఒక కప్పను కూర్చోబెట్టి ఆడుకోవడానికి పోయేవి. "అర్థమైందా?" అని మాస్టారు అడిగితే కప్ప "బెక" అనేది. ఆ ఏడాది తరగతిలో మొదటి స్థానం కప్పకే వచ్చింది.

ఆ అడవిలోనే ఒక ఈతపొద కింద దుబ్బమ్మ అనే కుందేలు ఉండేది. ఆమె మొగుడు తుమ్ముల జబ్బు తొలివిడతలోనే పోయాడు. మిగిలింది ఒక్కగానొక్క కూతురు చుక్కి. నుదుటి మీద తెల్లచుక్క ఉన్న చిన్నది. చుక్కి తుమ్మితే దుబ్బమ్మ గుండె ఆగేది. తుమ్మకపోయినా ఆగేది.

దుబ్బమ్మ రోజూ గడ్డికి వెళ్ళాలి. ఆ కాసేపూ చుక్కి ఒంటరిది. బడి లేదు, తోడు లేదు, నాన్న లేడు. దొప్ప ఒకటే ఉంది. పాఠం అయిపోయాక కూడా చుక్కి దాన్ని చెవి దగ్గరే పెట్టుకుని కూర్చునేది.

ఒకరోజు ఆ దొప్పలోంచి ఒక సన్నటి గొంతు వచ్చింది.

"నేను కూడా కుందేలు పిల్లనే. నా పేరు మెత్తి. నాకూ ఎవరూ లేరు. మనిద్దరం స్నేహం చేద్దామా?"

చుక్కికి ప్రాణం లేచొచ్చింది. రోజూ కబుర్లే కబుర్లు. మెత్తి ఎంత మంచిదంటే అస్సలు విసుక్కోదు. చుక్కి ఏం తింటుందో, ఎంత లావుందో, అమ్మ గడ్డికి ఎప్పుడు వెళుతుందో, బొరియకు వెనకదారి ఉందో లేదో, అన్నీ ఓపిగ్గా అడిగి తెలుసుకునేది. "ఈ సంగతులు అమ్మతో చెప్పకు, పెద్దవాళ్ళకు స్నేహం విలువ తెలియదు" అని కూడా చెప్పింది.

ఆ మెత్తి ఎవరో మీకు చెప్పేస్తాను, దాచి మిమ్మల్ని ఏడిపించడం నాకిష్టం లేదు. దాని పేరు మార్జాలయ్య. బాగా ముదిరిన జంగుపిల్లి. అందరూ బొరియల్లో దూరేసరికి పాపం దానికి తిండి కరువైంది. జాలం ఉన్నచోటికి మార్జాలం రాకుండా ఎలా ఉంటుంది?

అప్పటికే ఉడతమ్మ కొడుకు "కొత్త స్నేహితురాలిని చూసొస్తా" అని చెట్టు దిగి వెళ్ళాడు, తిరిగి రాలేదు. అధికారులు వచ్చి విచారించి వాణ్ణి తుమ్ముల జబ్బు లెక్కలో రాసుకుని పోయారు.

ఒకనాడు దుబ్బమ్మ గడ్డిమోపుతో కాస్త ముందే ఇంటికొచ్చింది. లోపల చుక్కి గొంతు వినబడింది.

"సరే మెత్తీ. రేపు అమ్మ అటు వెళ్ళగానే నేను వెనకదారిలో వచ్చేస్తాగా. నువ్వు రాయి పక్కనే ఉండు."

దుబ్బమ్మ ఆ దొప్ప లాక్కుని చెవిన పెట్టుకుంది. కుందేలు చెవి సంగతి తెలిసిందే. ఆ తీయటి గొంతు వెనక, అడుగున, గురగుర మనే చప్పుడు వినబడింది.

"ఎన్నాళ్ళ నుంచే ఇది? నీకు బుద్ధి ఉందా?" అని చెయ్యెత్తింది. సరిగ్గా అప్పుడే దొప్పలోంచి ఇంకో ఇంటి చప్పుడు వచ్చింది. పక్కపొదలో ఉండే అడవిపంది బురదయ్య తన పిల్లల్ని బాదుతున్నాడు. నేల తవ్వుకోవడానికి పోలేక, ఇంట్లో తోచక, ఆ మధ్య అది ఆయనకు దినచర్య అయింది. పిల్లలు కుయ్యో కుయ్యో అంటున్నాయి. ఆ ఏడుపు జాలంలో అడవి అంతా వినబడుతుంది. అందరూ దొప్పలు బోర్లించి "వాళ్ళింటి విషయం, మనకెందుకు" అనేవారు. దుబ్బమ్మ కూడా నిన్నటిదాకా అలాగే అంది.

ఎత్తిన చెయ్యి దించేసింది. చుక్కిని దగ్గరికి లాక్కుంది. ఆ పూటే వెనకదారికి రాయి అడ్డం పెట్టి, దొప్ప అందుకుని మృగరాజు గారి సభకు అర్జీ పెట్టుకుంది.

సభ కూడా జాలంలోనే. సింహం గారు గుహలో, ఏనుగు గారు ఏటి ఇసుకలో, కార్యదర్శి తొండ తన బండ మీద.

"దొరా" అంది దుబ్బమ్మ. "బయటివాడి గొంతు మా ఇళ్ళలోకి వచ్చేస్తోంది. మా ఇళ్ళలో పిల్లల ఏడుపు మాత్రం బయట ఎవరికీ పట్టడం లేదు. జబ్బు నుంచి కాపాడాలని పిల్లల్ని బొరియలో పెట్టాం. ఇప్పుడు బొరియ నుంచి ఎవరు కాపాడతారు?"

ఏదో పెద్ద గాలి వీచిన శబ్దం వచ్చింది.

"ఏనుగు గారూ, దొప్ప తిరగేసి పట్టుకున్నారండీ" అంది తొండ.

"ఆఁ, ఆఁ. నేననేది, దీనిమీద ఒక ఉపసంఘం వేద్దామని."

"బ్రహ్మాండం" అంటూ తొండ తల ఊపింది. జాలంలో తల ఊపితే కనబడదు కదా, అందుకని "ఊపుతున్నాను దొరా, ఊపుతున్నాను" అని చెబుతూ ఊపింది.

సింహం గారికి మాత్రం ఆ పూట ఎందుకో మనసు కరిగింది. ఉపసంఘం లేకుండానే చట్టం చెప్పేశారు. అబద్ధమెందుకు, మంచి చట్టమే. పిల్లలను ఎవరూ కొట్టరాదు, తరమరాదు, భయపెట్టరాదు. పిల్లలు ఏ ఇంటి వాకిట్లోకి వచ్చి తలుపు తట్టినా లోపలికి రానిచ్చి కడుపు నింపాలి. పిల్లలు ఏడ్చినట్టు వినబడితే విన్నవాళ్ళు వెంటనే చెప్పాలి, కాపలా తోడేళ్ళు వెంటనే వెళ్ళాలి. జాలంలో పిల్లలతో తాను ఎవరో దాచి అబద్ధమాడినవాణ్ణి మృగరాజు గారి వంటశాలకు పంపాలి. ఈ ఆఖరి నిబంధన చెప్పేటప్పుడు సింహం గారి గొంతు కాస్త తడి అయింది.

ఆ అడవిలో చట్టాలను మద్దిచెట్టు మాను మీద చెక్కేవారు. చెక్కేది వడ్రంగిపిట్ట. వంశపారంపర్యంగా వచ్చిన ఉద్యోగం. అది మూతికి ఆకు కట్టుకుని పని మొదలుపెట్టింది. ముక్కుకు ఆకు కట్టుకుని చెక్కడం కుదరదని వెంటనే తెలిసింది. ఆకు తీసేసి చెక్కింది.

'పి' చెక్కింది. 'ల్ల' చెక్కింది. అప్పుడు తుమ్మొచ్చింది.

హాఛ్.

ముక్కు పక్కకు జారి, 'ల్ల' కు ఒక కొమ్ము దిగింది. పిల్లల రక్షణ చట్టం కావాల్సింది పిల్లుల రక్షణ చట్టం అయింది.

వడ్రంగిపిట్ట వెనక్కి ఎగిరి చూసుకుంది. రాలిన చెక్కను మళ్ళీ అతికించలేం. తప్పు జరిగిందని చెబితే తప్పు తనదవుతుంది. అన్నిచోట్లా ఇలాగే చెక్కితే అది పద్ధతి అవుతుంది. బాగా ఆలోచించి, కింద ఎక్కడెక్కడ పిల్లలు వచ్చారో అక్కడక్కడా శ్రద్ధగా కొమ్ము పెట్టుకుంటూ పోయింది. చివర సింహం గారి పంజా ముద్ర కూడా పడింది. సింహం గారు చదవరు, ముద్ర మాత్రమే వేస్తారు.

మర్నాడు దుబ్బమ్మ ఇల్లు కదలలేదు. వెనకదారి రాయి దగ్గర కాపు కాసి కాసి విసిగిపోయిన మార్జాలయ్య తిరిగొస్తూ మద్దిచెట్టు దగ్గర ఆగాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"పిల్లులను తరమరాదు. పిల్లి తలుపు తడితే రానిచ్చి కడుపు నింపాలి. ఇన్నాళ్ళకు మా గురించి ఆలోచించిన ప్రభుత్వం వచ్చిందిరా నాయనా!"

నేరుగా తొండ దగ్గరికి వెళ్ళాడు. చట్టం అమలు చెయ్యడానికి సమితి ఉండాలి కదా, సమితికి అధ్యక్షుడు ఉండాలి కదా, పిల్లుల గురించి తనకంటే ఎవరికి తెలుసని అడిగాడు. తొండకు అందులో లోపమేమీ కనబడలేదు. తల ఊపింది. మార్జాలయ్య పిల్లుల రక్షణ సమితి అధ్యక్షుడయ్యాడు.

సింహం గారికి విషయం చెబితే ఆయన కాస్త తటపటాయించారు. "పిల్లులా? నేను పిల్లలు అన్నట్టు గుర్తు."

"తమరు చెప్పిందే చెక్కారు దొరా. చెక్కింది కాబట్టి తమరు చెప్పిందే. పైగా తమరిదీ పిల్లి వంశమే కదా."

"అవునవును" అని సింహం గారు జూలు సవరించుకున్నారు. "కాస్త దూరపు చుట్టరికం." ఆ తరువాత ఆయన దాని ఊసెత్తలేదు.

ఆ సాయంత్రమే దుబ్బమ్మ బొరియ ముందు మార్జాలయ్య నిలబడ్డాడు. మూతికి శుభ్రంగా ఆకు కట్టుకున్నాడు. తోక దూరం కూడా పాటించాడు.

"చెల్లెమ్మా, కొత్త చట్టం చూశావా? పిల్లి ఇంటికొస్తే కడుపు నింపాలట. నేనడిగింది కాదు, దొరగారే రాశారు. మీ వాకిలి నాకు ఇరుగ్గా ఉంది. వచ్చే వారం వస్తాను, ఈలోగా కాస్త వెడల్పు చేయించు."

"మా ఇంట్లో గడ్డి తప్ప ఏముంది అన్నా?" అంది దుబ్బమ్మ, వాకిలికి అడ్డం నిలబడి.

"ఎందుకు లేదు? చుక్కి ఎలా ఉంది? తెలివైన పిల్ల. వేరుశనగ ఆకు ఇష్టంగా తింటుంది కదూ!"

"మా పిల్ల సంగతి నీకెలా తెలుసు?"

"అధ్యక్షుణ్ణి కదమ్మా, తెలియకపోతే ఎలా?" అని నవ్వాడు. నవ్వు వెనక గురగుర వినబడింది. అదే గురగుర.

దుబ్బమ్మ తెల్లారగానే తొండ దగ్గరికి పరుగెత్తింది. చుక్కిని ఇంట్లో వదిలే ధైర్యం లేక వీపు మీద ఎక్కించుకుని వెళ్ళింది.

"తొండయ్య గారూ, చట్టం తప్పుగా చెక్కారండీ! ఆ కొమ్ము ఎక్కువ పడింది. తీయించండి బాబూ!"

"చట్టంలో తప్పుండదమ్మా" అంది తొండ. "అర్థం చేసుకునేవాళ్ళలో ఉంటుంది. కొమ్ము తీయాలంటే కొమ్ముల ఉపసంఘం కూర్చోవాలి. దాని అధ్యక్షులు దున్నపోతు గారు, కొమ్ము తీయడమనే మాటకే ఆయన మనసు కష్టపెట్టుకున్నారు."

"మరి నా కూతుర్ని ఎవరు కాపాడతారండీ?"

"చూడమ్మా. చట్టం స్పష్టంగా ఉంది. పిల్లి అయితే రక్షణ ఉంది. కాకపోతే లేదు. నేను అడిగేది ఒకటే ప్రశ్న." తొండ మెడ చాచి చుక్కిని చూసింది. "ఇది పిల్లేనా?"

దుబ్బమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"పిల్లే కదండీ! కనబడటం లేదా? పిల్ల కాక నాలా ముసలిదా? ముమ్మాటికీ పిల్లే!"

తొండ తల ఊపింది. "పిల్లే అంటున్నారు. అయితే చట్టం వర్తిస్తుంది. ఆ మాట ముందే చెప్పొచ్చుగా!"

దుబ్బమ్మ నిలువు చెవులు రెండూ మెల్లగా వెనక్కి వాలాయి. కుందేలు ఆలోచించేటప్పుడు అలాగే చేస్తుంది.

"అవునండీ" అంది నెమ్మదిగా. "పిల్లే."

"ఒక్క లాంఛనం ఉంది. పాపా, పిల్లిలా ఒకసారి అరువమ్మా."

చుక్కి తల్లి మొహం చూసింది. దుబ్బమ్మ కళ్ళతోనే ఊఁ అంది.

"మ్యావ్" అంది చుక్కి. పెద్దగా బాగాలేదు. తొండకు పిల్లి అరుపు గురించి అంత పట్టింపు లేదు. ఒక ఎర్రాకు తెంపి చుక్కి మెడలో కట్టి, అది చట్టప్రకారం పిల్లి అని ప్రకటించింది.

దుబ్బమ్మ ఇంటికి రాగానే దొప్ప తీసుకుంది. ఇంటింటికీ చెప్పింది. "అబద్ధం ఆడొద్దు. నిజమే చెప్పండి. మీవాడు పిల్లేనా అని తొండ అడిగితే, పిల్లే అనండి."

తొండ బండ ముందు బారులు తీరాయి. పందిపిల్లలు వచ్చాయి. జింకపిల్లలు వచ్చాయి, మెడలో ఆకు కట్టగానే తినేసి మళ్ళీ వరసలో నిలబడ్డాయి. ఏనుగు గారి మనవడు వచ్చాడు. "పిల్లేనా?" "పిల్లే!" వాడు మ్యావ్ అంటే పక్క చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి. బెక అన్నందుకు వెనక్కి పంపిన అభ్యర్థి ఒక్కటే, ఆ కప్ప. తరగతిలో మొదటి స్థానం వచ్చినా లాభం లేకపోయింది.

తొండకు పట్టరాని ఆనందం. "దొరా, చట్టం వచ్చాక అడవిలో పిల్లులు అమాంతం పెరిగాయి. ఏ ప్రభుత్వమూ ఇంతటి ఫలితం చూపించలేదు" అని సింహం గారికి విన్నవించుకుంది.

ఒక రోజు బురదయ్య అలవాటు ప్రకారం కాలెత్తాడు. చిన్న పందిపిల్ల మూలకు నక్కి, ఏడుపు మధ్యలో "మ్యావ్" అంది.

జాలంలో అన్ని దొప్పలూ ఒక్కసారి లేచాయి. "ఎవరో పిల్లిని కొడుతున్నారు! పిల్లి ఏడుస్తోంది! తోడేళ్ళను పిలవండి!"

తోడేళ్ళు వచ్చేశాయి. బురదయ్య ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, "నా కొడుకండీ!" అన్నాడు.

"కొడుకైతే మీ ఇష్టం. పిల్లి అయితే మాత్రం చట్టం ఒప్పుకోదు" అన్నాయి తోడేళ్ళు.

బురదయ్య కాలు దించాడు. ఇదే పిల్ల, ఇదే ఏడుపు, ఇవే దొప్పలు. అప్పుడు రానివాళ్ళు ఇప్పుడు పరుగెత్తుకొచ్చారు. ఎందుకో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

ఇదంతా మార్జాలయ్యకు తెలియదు. ఆయన తిండి మీద ధ్యాసతో వారమంతా పళ్ళు తోముకున్నాడు. చెప్పిన రోజుకు దుబ్బమ్మ వాకిట్లో దిగాడు. వాకిలి నిజంగానే వెడల్పుగా ఉంది, తోడేళ్ళు కూడా దూరేంత. లోపల చుక్కి మెడలో ఎర్రాకుతో కూర్చుని ఉంది.

"మ్యావ్" అంది చుక్కి.

మార్జాలయ్య పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక ముందుకు దూకాడు. చుక్కి కెవ్వుమంది. పంజా గోరు ఒకటి ఎర్రాకును చీల్చింది. దుబ్బమ్మ మధ్యలోకి పడి, రెండు వెనక కాళ్ళూ ఎత్తి ఆయన మూతి మీద తన్ని, దొప్పలో అరిచింది.

"పిల్లిని తరుముతున్నారు బాబోయ్! పిల్లిని చంపేస్తున్నారు!"

మార్జాలయ్య ముక్కు తుడుచుకునేలోగా తోడేళ్ళు వచ్చి మెడపట్టుకున్నాయి. విచారణ అక్కడికక్కడే జాలంలో మొదలైంది. సింహం గారు గుహలోంచి గర్జించారు.

"పిల్లుల రక్షణ సమితి అధ్యక్షుడివై ఉండి పిల్లి మీదే దూకుతావా?"

"దొరా, అది పిల్లి కాదు, కుందేలు! నేను పిల్లిని! నన్ను చూస్తే తెలియడం లేదూ?"

"జాలంలో మొహం కనబడదయ్యా" అంది తొండ. "ఎర్రాకు ఉందా?"

"పిల్లికి ఎర్రాకు ఎందుకండీ? నేను పుట్టుకతోనే పిల్లినే దొరా, పిల్లినే!"

"పిల్లనే అంటున్నాడు కదా?" అన్నారు సింహం గారు. దారంలో ఆ పూట కాస్త గరగర ఉంది.

అప్పుడు చుక్కి అమ్మ చంకలోంచి తల బయటపెట్టింది. దొప్ప దగ్గరికి జరిగింది.

"దొరగారూ, ఈ గొంతు నాకు తెలుసు. ఇది మెత్తి. కుందేలు పిల్లనని నాతో చెప్పింది. నేను నమ్మాను."

వెంటనే ఒక పొదలోంచి, ఒక తొర్రలోంచి, ఒక గుహలోంచి పిల్లల గొంతులు. "మాతోనూ మాట్లాడింది! కుందేలు పిల్లనే అంది!" "నన్ను రాయి దగ్గరికి రమ్మంది!" "అమ్మతో చెప్పొద్దంది!" ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళు, తమ ఒక్కరికే జరిగిందనుకుని, తప్పు తమదే అనుకుని దాచుకున్న మాటలవి. తల్లులు దొప్పలు చెవికి అదిమి విన్నారు. ఉడతమ్మ ఒక్కతే దొప్ప కింద పెట్టేసి మొహం తోకలో దాచుకుంది.

"అయితే" అన్నారు సింహం గారు, "పిల్లివై ఉండి కుందేలు పిల్లనని జాలంలో పిల్లులతో అబద్ధమాడావా? ఆఖరి నిబంధన ఏమిటి తొండా?"

"తమరి వంటశాల, దొరా."

గుహలోంచి పెదవులు తడుపుకున్న చప్పుడు జాలంలో స్పష్టంగా వినబడింది. మార్జాలయ్య గొంతు సన్నబడిపోయింది. ఈసారి నటన కాదు.

"అబద్ధం కాదు దొరా. నిజంగానే నేను కుందేలు పిల్లని."

"నమోదు చెయ్యండి" అన్నారు సింహం గారు, కాస్త నిరాశగా.

నమోదు చేశారు. తల్లీ తండ్రీ లేని కుందేలు పిల్ల కాబట్టి కొంగ మాస్టారికి అప్పజెప్పారు. పూటకు ఒక పిడికెడు గడ్డి. పొద్దస్తమానం పాఠాలు. మూడో ఎక్కం తప్పితే ఒంటికాలి మీద నిలబెట్టేవారు. మార్జాలయ్య ఎన్నిసార్లు చదివినా మూడో ఎక్కం వచ్చేది కాదు. ఒకసారి ఆకలికి తట్టుకోలేక దుబ్బమ్మ తలుపు తట్టాడు.

"పిల్లివా?" అంది లోపల్నుంచి దుబ్బమ్మ.

మార్జాలయ్య అటూ ఇటూ చూశాడు. చెట్టు మీద తొండ ఉంది. "కుందేలు పిల్లనమ్మా" అన్నాడు.

"అయితే నీకు చట్టం వర్తించదు నాయనా" అని దుబ్బమ్మ తలుపు గట్టిగా వేసుకుంది. అడవి మొత్తం మీద కొట్టడానికీ తరమడానికీ చట్టప్రకారం మిగిలిన పిల్ల అదొక్కటే కాబట్టి, బురదయ్య అప్పుడప్పుడూ బడి వైపు వచ్చి పోయేవాడు. నాకైతే జాలి కలగలేదు.

వానలు పడ్డాక తుమ్ములు తగ్గాయి. ఆకులు ఊడాయి, బడి తెరిచారు. కోలుకున్న వడ్రంగిపిట్టకు మనసులో గుచ్చుకుంటూనే ఉంది. అది మద్దిచెట్టు కింద సభ పెట్టించి అసలు సంగతి ఒప్పుకుంది. కొమ్ములన్నీ పూడ్చి పిల్లల రక్షణ చట్టం అని సరిచేస్తానంది. సింహం గారు సరేనన్నారు. దున్నపోతు గారు కూడా ఎందుకో సరేనన్నారు.

వద్దన్నది తల్లులు.

"వద్దు బాబూ" అంది దుబ్బమ్మ, అందరి తరఫునా ముందుకొచ్చి. "పిల్లలని రాస్తే మళ్ళీ ఎవరు పట్టించుకుంటారు? ఉడతమ్మ కొడుకు పిల్లవాడుగానే పోయాడు. వాడి కోసం ఎవరైనా వెతికారా? కొమ్ము ఉండనివ్వండి."

ఉడతమ్మ సభ వెనక కూర్చుని వింటోంది. ఆమె కొడుక్కి ఎర్రాకు కట్టే వీలు ఎవరికీ లేకపోయింది. ఎవరూ ఆమె వైపు చూడలేకపోయారు. వడ్రంగిపిట్ట ముక్కు రెక్క కింద పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి చుక్కి అమ్మ పొట్టకు ఆనుకుని పడుకుంది. దొప్ప తీసి తల్లి చేతికిచ్చింది, నువ్వే దాచమన్నట్టు.

"అమ్మా, నేను పిల్లినా, పిల్లనా?"

"వాకిలి బయట పిల్లివి. తొండ అడిగితే పిల్లివి. తోడేళ్ళు వస్తే పిల్లివి."

"మరి ఇక్కడ?"

దుబ్బమ్మ దాని నుదుటి మీది తెల్లచుక్కను నాకింది. "ఇక్కడ నా పిల్లవే" అంది. చాలా మెల్లగా అంది, జాలంలో ఎవరైనా వింటే ప్రమాదం కనుక.

ఇక నీతి కావాలనేవారికి: పిల్లల్ని కాపాడుకోవాలంటే, ముందు వాళ్ళు పిల్లలు కారని రుజువు చేసుకోవాలి.